భారతం మిట్ట మీద మన పిల్లలకు రోజుకో గంట

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఊరూరా పద్దెనిమిది రోజుల భారతం ఉత్సవం జరిపిస్తున్న ధర్మరాజుల గుడి పెద్దలకు, ఉత్సవ కమిటీల వాళ్లకు, ఖర్చు భరించే ఉభయదారులకు నమస్కారం.

నేను తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో కమ్యూనికేషన్ స్కిల్స్ చెప్తాను. పుట్టి పెరిగింది కార్వేటినగరం దగ్గర ఒక పల్లెలో. కలెక్టర్లు, యూనివర్సిటీల వాళ్లు, యువజన సర్వీసుల శాఖ వాళ్లు ఇంతమంది ఉండగా ఈ ఉత్తరం మాకెందుకు రాస్తోందీమె అనుకుంటారేమో. పల్లె పిల్లలకు నలుగురిలో మాట్లాడటం నేర్పాలని వాళ్లంతా ఏదో ఒక కార్యక్రమం పెడుతూనే ఉన్నారు. హాలుంది, బ్యానరుంది, ప్రొజెక్టరుంది, చివర్లో సర్టిఫికెట్టూ ఉంది. లేనిదల్లా పిల్లలు మాట్లాడితే కూర్చుని వినే జనం. ఆ జనం మీ దగ్గరుంది. పద్దెనిమిది రోజులపాటు చాపలు పరుచుకుని, వక్కాకు నములుకుంటూ, ఒళ్లో పిల్లల్ని పడుకోబెట్టుకుని తెల్లవార్లూ కూర్చునే జనం.

అడగదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. మధ్యాహ్నం హరికథ ముగిశాక, రాత్రి నాటకం మొదలయ్యే దాకా భారతం ఆడే మిట్ట ఖాళీగా ఉంటుంది. ఆ వేళప్పుడు మైకుసెట్టు వాళ్లు సినిమా పాటలు వేసుకుంటూ ఉంటారు. అందులో ఒక్క గంట మన ఊరి పిల్లలకు ఇవ్వండి. ఇంటర్, డిగ్రీ, ఐటీఐ చదివేవాళ్లకు, చదువు ఆపేసి శ్రీసిటీ కంపెనీ బస్సు ఎక్కేవాళ్లకు, సేద్యంలో ఉన్నవాళ్లకు. అబ్బాయిలకూ అమ్మాయిలకూ. ఎందుకు ఇవ్వాలో ఇక వివరంగా రాస్తాను.

పిల్లలకు పెట్టే ట్రైనింగులు ఎలా జరుగుతాయో నాకు తెలుసు. కొన్నింట్లో నేనూ క్లాసులు చెప్పాను. రెండు మూడు రోజులు పెడతారు. పల్లెల నుంచి పిల్లల్ని టౌనుకు పిలిపిస్తారు. మాట్లాడటం ఎలాగో మేము మాట్లాడుతూ ఉంటాం, వాళ్లు నోట్సు రాసుకుంటూ ఉంటారు. బాడీ లాంగ్వేజ్, ఐ కాంటాక్ట్, కాన్ఫిడెన్స్ అని తెర మీద ఒకదాని తర్వాత ఒకటి పడుతుంటాయి. హాలు నిండా పిల్లలున్నప్పుడు ఒక్కొక్కరికి మైకు దొరికేది రెండు మూడు నిమిషాలు. ఆ కాసేపూ ఎవరు ఎవరిని వింటారు? తమ వంతు ఎప్పుడొస్తుందో అన్న టెన్షన్‌లో ఉంటారు అందరూ. ఆఖరి రోజు గ్రూప్ ఫొటో. ఇంటికి పోయాక ఆ పిల్లకు మళ్లీ మైకు దొరికే సందర్భమే రాదు. నేర్చుకున్నది రెండు వారాల్లో గాలికి పోతుంది.

పోటీలు లేకపోలేదు. జనవరిలో వివేకానందుడి జయంతికి యువజనోత్సవాలు చేస్తారు. బడి పిల్లలకు 2015 నుంచి కళా ఉత్సవ్ ఉంది. మంచివే. అయితే పోటీ అన్నాక ముందే వచ్చినవాళ్లు గెలుస్తారు, రానివాళ్లు చప్పట్లు కొట్టి ఇంటికొస్తారు. పెద్ద వేదికలకూ మనకు కొదవ లేదు. తిరుమల కొండ మీద నాదనీరాజనం, తిరుపతిలో మహతి, చిత్తూరులో నాగయ్య కళాక్షేత్రం. అక్కడికి ఎక్కాలంటే విద్య పూర్తిగా పట్టుబడి ఉండాలి. పట్టుబడక ముందు, నోరు తడబడే రోజుల్లో నిలబడటానికి ఒక చోటు కావాలి కదా. నాగయ్యగారికైనా సినిమాల్లోకి పోకముందు చిత్తూరు రామవిలాస సభ నాటకాలు ఉండబట్టే కదా, ఆ ఊరి పేరు ఆయనకు ఇంటిపేరులా అతుక్కుపోయింది.

మీరు ఆడించే నాటకంలో ఒక ఘట్టం గుర్తు చేస్తాను. ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడతారు. వెనక గజ్జెలు మోగుతాయి, కిరీటం కొస కనబడుతుంది, తెర దిగుతుంది. దుర్యోధనుడు దరువు పాడి రెండు చుట్లు తిరిగి నిలబడగానే బఫూన్ అడ్డం వచ్చి "అయ్యా, తమరెవరు? ఏ ఊరు? ఏం పని మీద వచ్చారు?" అని అడుగుతాడు. అప్పుడు రారాజు తన వంశం చెప్పి, పేరు చెప్పి, తన గొప్ప చెప్పి, వచ్చిన పని చెప్తాడు. ఇంత పెద్ద చక్రవర్తిని ఎవడో తెలియనట్టు అడుగుతాడేమిటని చిన్నప్పుడు నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు మా కాలేజీకి కంపెనీల వాళ్లు వచ్చి మా పిల్లల్ని మొట్టమొదట అడిగే ప్రశ్న కూడా అదే. నీ గురించి చెప్పు అంటారు. మా పిల్లలు తల దించుకుని, బట్టీ పట్టిన నాలుగు ఇంగ్లీషు వాక్యాలు అప్పజెప్పి, ఐదోదాని దగ్గర ఆగిపోతారు. ఆ ప్రశ్నకు నిటారుగా నిలబడి, చేతిలో గద ఆడిస్తూ, వెయ్యి మందికి వినబడేలా జవాబు చెప్పడం వాళ్లు ఏటా చూస్తూనే ఉన్నారు. చూడటమే తప్ప ఆ చోట నిలబడే అవకాశం వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు.

మా క్లాసులో ఒక అబ్బాయి ఉండేవాడు. ఇంటర్వ్యూ ప్రాక్టీసు అంటే వెనక బెంచీలోకి జారుకునేవాడు. వాళ్లమ్మ ఒకసారి కాలేజీకి వచ్చి, "ఇంట్లో మూసిన నోరు మూసినట్టుండడు మేడమ్, ఈడ యాల మాట్లాడడో" అని వాపోయింది. ఆ ఎండాకాలం వాళ్ల ఊరి భారతానికి వెళ్లాను. మైకు దగ్గర వాడే ఉన్నాడు. ఉభయదారుల పేర్లు చదువుతున్నాడు, తప్పిపోయిన పిల్ల గురించి చెప్తున్నాడు, మధ్యలో "దోవకు అడ్డంగా బండి పెట్టిన అన్న వచ్చి తీసుకోవాలి, లేకుంటే భీముడు ఎత్తి చెరువులో వేస్తాడు, అప్పుడు కమిటీకి సంబంధం లేదు" అంటున్నాడు. జనం పగలబడి నవ్వుతున్నారు. అవతలి పక్క తమిళం వాళ్లు కూర్చుంటే అదే మాట తమిళంలో ఇంకో రకంగా చెప్పాడు. నగరి, సత్యవేడు వైపు పిల్లలకు ఇలా రెండు భాషల్లో ఎగరడం పుట్టుకతో వస్తుంది. ఏ సర్టిఫికెట్లోనూ దాన్ని రాయరు. కాలేజీ తెరిచాక వాణ్ని అడిగాను, అక్కడ అంత బాగా మాట్లాడావే అని. "ఆడ అందరూ మనోళ్లే కదా మేడమ్" అన్నాడు.

మనోళ్లు అంటే మెత్తగా వినేవాళ్లని కాదు. పద్యం ఒక్క మాట తప్పితే వెనక వరస నుంచి ఏ ముసలాయనో అందుకుని సరిచేస్తాడు. సాగదీస్తే "ఇంక దిగప్పా" అంటారు. బాగుంటే వేలికి నోటు తగిలించి పోతారు. నేను క్లాసులో వేసే మార్కులకన్నా ఇది నిక్కచ్చిగా ఉంటుంది. మొహమాటం, పరాయితనం లేని చోట తిట్టు పడినా పిల్లలు ఓర్చుకుంటారు. కొత్త ఊళ్లో, ఇంగ్లీషులో, కోటు వేసుకున్న మనిషి ముందు మొదటి తప్పు చేయాల్సి వస్తే మాత్రం నోరు శాశ్వతంగా పడిపోతుంది. ఇంగ్లీషు వద్దని నేను అనను. రేపు వాళ్లకు అది కావాలి, నా జీతమే దాని మీద నడుస్తోంది. తెలుగులో పది మంది ముందు నోరు పెగలని పిల్లకు ఇంగ్లీషులో పెగులుతుందని మాత్రం నేను నమ్మను.

ఆ గంటలో ఏం చేస్తారని మీరు అడుగుతారు. సినిమా పాటలకు డ్యాన్సు వేస్తారని మీ భయం. అదేమీ అక్కర్లేదు, భారతమే చాలు.

రోజూ ఇద్దరు పిల్లలు లేచి, నిన్న రాత్రి కథ ఎక్కడ ఆగింది, ఈ రాత్రి ఏం జరగబోతోంది అన్నది పది నిమిషాల్లో చెప్పాలి. వినడానికి తేలిగ్గానే ఉంటుంది, చేసి చూస్తే తెలుస్తుంది. హరికథ భాగవతారుగారు ఒక్కరే గజ్జె కట్టి చిడతలు పట్టుకుని మూడు గంటలు జనాన్ని కదలనివ్వరు. జనం కునుకు తీస్తున్నారనగానే ఒక పిట్టకథ వేస్తారు, నవ్వించి మళ్లీ కథలోకి లాక్కొస్తారు. ఆయన మొదటి వారం పిల్లలు చెప్పింది విని, గొంతు ఎక్కడ పెంచాలి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, ఎక్కడ ఆగితే జనం ముందుకు వంగుతారు అని నాలుగు మాటలు చెప్తే చాలు. మైకు లేకుండా ఆఖరి వరసకు వినిపించడం మా ట్రైనర్లలో ఎందరికి వచ్చు? వేషగాళ్లకు అందరికీ వచ్చు.

జూదం రోజు ఒక చర్చ పెట్టండి. ధర్మరాజు ముందు తనను తాను ఓడిపోయి ఆ తర్వాత నన్ను ఒడ్డాడా, నన్ను ఒడ్డాక తాను ఓడాడా అని ద్రౌపది సభను అడిగిన ప్రశ్న ఉంది. భీష్ముడంతటివాడు దానికి తేల్చి చెప్పలేకపోయాడు. రెండు పక్కలా పిల్లల్ని నిలబెట్టి వాదించమనండి. కంపెనీల వాళ్లు గ్రూప్ డిస్కషన్ పేరుతో వెతికేదంతా అందులో ఉంది. ఎదుటివాడి మాట పూర్తిగా వినడం, వాడి మాటలోంచే జవాబు లాగడం, కోపం తెచ్చుకోకుండా కాదనడం. పైగా ఆ రోజు మిట్ట ముందు కూర్చున్న ఆడవాళ్లు ఊరుకోరు, మధ్యలో వాళ్లూ అందుకుంటారు. అందుకోనివ్వండి. రాయబారం రోజు ఐదూళ్లిచ్చినా చాలన్న కృష్ణుడి బేరం ఉంది, దాని కన్నా మంచి పాఠం బేరమాడటానికి నాకు దొరకలేదు. యక్షప్రశ్నలు ఇంటర్వ్యూనే. పైగా తమ్ముళ్ల ప్రాణాలు పణంగా ఉన్న ఇంటర్వ్యూ. ఒకరు యక్షుడిగా ఊరి సంగతులే ప్రశ్నలుగా అడగాలి, ఇంకొకరు జవాబు చెప్పాలి. ఈ ఏడాది బోర్లు ఎందుకు ఎండాయి? తోతాపురి కాయలకు రేటు ఎవరు నిర్ణయిస్తున్నారు? పాల డెయిరీలో వెన్న శాతం ఎలా లెక్క కడతారు? విరాటపర్వం రోజు చెరువు గురించి మాట్లాడించండి. వానల కోసం విరాటపర్వం చదివించిన ఊళ్లే కదా మనవి.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1990ల తొలి ఏళ్లలో మన జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు దానికి 'అక్షర తపస్మాన్' అని పేరు పెట్టారు. భారతంలో పాశుపతాస్త్రం కోసం అర్జునుడు ఎక్కే తపసు మాను తెలిసిన వాళ్లకు ఆ పేరు విడమరచనక్కర్లేదు. అప్పుడు కళాజాతాల్లో పాడింది, నాటికలు వేసింది ఎక్కువగా పల్లె కుర్రకారే. ఊరి నడి వీధిలో గ్యాసులైటు కింద నిలబడి, పలక పట్టని తాతలతో అక్షరాలు దిద్దించడానికి మాటలు వెతుక్కున్నవాళ్లు తర్వాత ఎక్కడికి పోయినా ఆ గొంతు పోగొట్టుకోలేదు. ఉద్యమం ముగిశాక ఆ వేదిక ఎత్తేశారు. మీ వేదిక మాత్రం ఏటా లేస్తూనే ఉంది. ప్రభుత్వాలు మారినా, జిల్లా ముక్కలైనా లేస్తూనే ఉంది.

సిగ్గు విడవడం సంగతికొస్తే తిరుపతి వాళ్లు గంగ జాతరలో ఏం చేస్తారో మీకు తెలుసు. వేషం కట్టుకున్నాక ఎంతటి బిడియస్తుడైనా వీధిలో నోటికొచ్చినట్టు మాట్లాడతాడు. వేషం తీశాక మళ్లీ మామూలే. ఆ ధైర్యం కొంచెమైనా మిగతా ఏడాదికి మిగిలేలా చేయాలన్నదే నా తాపత్రయం.

ఇప్పుడు మీకు ఇబ్బందిగా అనిపించే మాట. ఈ గంట ఎవరికిస్తారు? కమిటీ పెద్దల ఇళ్ల పిల్లలకే అయితే అసలు వద్దు. పలకలు వాయించేవాళ్లు లేకుండా మీ ధ్వజారోహణం జరగదు, అగ్నిగుండం దగ్గర వాళ్ల దెబ్బ పడకపోతే ఒంటికి ఊపు రాదు. అయినా వాళ్ల పిల్లలు మిట్ట కిందే నిలబడతారు. వాళ్లలో బీటెక్ చేసినవాళ్లు ఉన్నారు. పేరు పెట్టి పిలిచి మైకు ఇవ్వండి, వెనక నుంచి రమ్మని సైగ చేయడం కాదు.

ఆడపిల్లల మాట కూడా అంతే. ద్రౌపది వేషం ఒకప్పుడు మగవాళ్లే కట్టేవాళ్లు, ఇప్పుడు కొన్ని జట్లలో ఆడవాళ్లు కడుతున్నారు. వాళ్లు బయటి నుంచి వచ్చినవాళ్లు కాబట్టి ఊరు చప్పట్లు కొడుతుంది. మన ఇంటి పిల్ల మైకు పట్టుకుంటే మాత్రం పెళ్లి సంబంధాల లెక్కలు మొదలవుతాయి. ఈ గడ్డ మీదే తరిగొండలో పుట్టిన వెంగమాంబ రెండు వందల ఏళ్ల కిందటే యక్షగానాలు రాసింది. ఆటకు మాటలు రాసిన ఆడమనిషి పేరు చెప్పుకుని పొంగిపోయే ఊళ్లు, సాయంత్రం ఆరింటికి, వెలుతురు పోకముందే, అమ్మా నాన్నా ఎదురుగా కూర్చుని ఉండగా తమ పిల్లను పది నిమిషాలు మాట్లాడనివ్వడానికి భయపడటం నాకు అర్థం కాదు.

మీ అభ్యంతరాలు నేను ఊహించగలను. భారతం అంటే నిష్ఠ, కంకణం కట్టుకున్నవాళ్లు తప్ప మిట్ట ఎక్కకూడదు అంటారు. సరే. పిల్లలకు వేషం అడగడం లేదు, కిరీటం అడగడం లేదు. తపసు మాను, దుర్యోధన వధ, అగ్నిగుండం జరిగే రోజులు వదిలేయండి. ఆ రోజుల్లో జనం మనసు ఇంకెక్కడా ఉండదు, ఉండకూడదు కూడా. మిట్ట ఎక్కకూడదంటే మిట్ట ముందు నేల మీదే నిలబడతారు. ఇక పార్టీల గొడవ. అది నిజమైన భయమే, తేలిగ్గా తీసిపారేయను. నాయకుల పేర్లు, జెండాలు, ఫ్లెక్సీలు ఆ గంటలో ఉండకూడదని మొదటి రోజే గుడి ముందు చెప్పేయండి. ధర్మరాజు ఎదుట ఇచ్చిన మాట మన ఊళ్లలో ఇప్పటికీ కాస్త నిలబడుతుంది. దీంతో ఉద్యోగాలు వస్తాయా అంటే, రావు. ఉద్యోగం ఇచ్చేవాడి ముందు కూర్చున్నప్పుడు నోరు ఎండిపోకుండా ఉంటుంది, అంతవరకు నేను మాట ఇవ్వగలను.

ఖర్చు పెద్దదేం కాదు. మైకుసెట్టు ఎలాగూ ఉంది. భాగవతులకు ఇచ్చే సంభావన పైన, ధ్వజారోహణానికి నెల ముందు ఒకాయన వచ్చి ఊళ్లో పది సాయంత్రాలు పిల్లలకు పద్యం చదవడం, వచనం చెప్పడం నేర్పినందుకు విడిగా ఇవ్వండి. ఆయనకు సీజను లేని రోజుల్లో నాలుగు రూపాయలు చేతికి వస్తాయి. ఏటా ఒక రాత్రి ఆర్కెస్ట్రాకు ఉభయం రాయించేవాళ్లు ఉంటారు. వాళ్లలో ఒకరిని దీనికి ఒప్పించండి, చాలు.

ఈ ఉత్తరం చదివే యూనివర్సిటీల వాళ్లకు కూడా ఒక మాట. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సంగీతం, నాట్యం, జర్నలిజం చెప్తున్నారు. కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయంలో జానపద విజ్ఞానం ఉంది. తిరుపతిలో టీటీడీ సంగీత నృత్య కళాశాల 1959 నుంచి నడుస్తోంది. డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఎలాగూ ఉంది. ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి నీళ్లు ఎక్కడివి, మరుగుదొడ్డి ఉందా అని ఫారాలు నింపించే బదులు, భారతం జరిగే ఊళ్లో మూడు వారాలు ఉంచి, ఈ గంటను నడిపించడానికి పంపండి. వాళ్లు పిల్లలకు నేర్పేదానికన్నా భాగవతుల దగ్గర వాళ్లు నేర్చుకునేదే ఎక్కువ ఉంటుందని నా అనుమానం. వచ్చేటప్పుడు ప్రొజెక్టరు మాత్రం తేవద్దు.

పెద్దలారా, ఉత్సవం తేదీలు పెట్టుకోవడానికి గుడి దగ్గర కూర్చున్న రోజు ఈ సంగతి కూడా ఎత్తండి. పద్దెనిమిది రోజులూ కుదరదంటే మొదటి ఏడాది ఐదు రోజులే ఇచ్చి చూడండి. ఒప్పుకున్న మొదటి ఊళ్లో భాగవతారుగారికి ఇవ్వాల్సిన సంభావన నా ఉభయంగా రాసుకోండి. రసీదు మీద పేరు నాది వేయొద్దు, కార్వేటినగరం వేణుగోపాలస్వామి పేరు వేయండి. ఆ గంట ఎలా నడపాలో మాట్లాడుకోవడానికి ఏ ఆదివారం రమ్మన్నా వస్తాను. వచ్చేటప్పుడు మా క్లాసులోని మైకు కుర్రాణ్ని కూడా తీసుకొస్తాను, బండ్లు ఎక్కడ పెట్టాలో వాడు చెప్తాడు.

ఇట్లు
మీ ఊళ్ల భారతాలు చూసి పెరిగిన ఒక అధ్యాపకురాలు
తిరుపతి